ఉప్పు మూటకూ ఐసు ముక్కకూ మధ్య మావ కాలు

శ్రీకాకుళంలో మందుల షాపతను మొన్న నా మోకాలి నొప్పికి ఒక నీలంరంగు సంచి అంటగట్టాడు. ఫ్రిజ్‌లో పెడితే చల్లదనానికీ, వేడినీళ్లలో ముంచితే కాపడానికీ అదే పనికొస్తుందట. పత్రికలో పనిచేసిన రోజుల్లో రెండు పక్షాలకూ నచ్చేలా మాట్లాడేవాళ్లను చాలామందిని చూశాను గనక, ఆ సంచిని నమ్మబుద్ధి కాలేదు. నేను పెరిగిన ఇంట్లో వేడి ఒకరి చేతిలోనూ, చల్లదనం మరొకరి చేతిలోనూ ఉండేవి. ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి నమ్మకం లేదు.

అది కళింగపట్నంలో మా అమ్మమ్మగారిల్లు. మావ పడవెక్కి వేటకు వెళ్లేవాడు, అత్త చేపల బుట్ట నెత్తినెత్తుకుని అమ్ముకొచ్చేది. ఆ తీరం ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు, వేట విరామం ముగియబోయే రోజుల్లో ఊరంతా వలలు బాగుచేసుకుంటూనే, ఎవరు ఏ పడవ ఎక్కుతున్నారో ఒక కన్నేసి ఉంచుతుంది. సరిగ్గా అప్పుడే మావ పడవ నెడుతూ ఇసుకలో కాలు మడతపడి, చీలమండ బూరెలా పొంగి ఇంటికొచ్చాడు. పడవలు సముద్రంలోకి దిగేనాటికి లేవకపోతే పడవలో అతని చోటు ఇంకొకడికి పోతుంది. పోయిన చోటు మళ్లీ దొరకడం కష్టం.

అమ్మమ్మకు తెలిసిన వైద్యం ఒక్కటే. కల్లుప్పు మట్టి మంగలంలో వేయించి, పాత పంచె గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టడం. వల లాగి లాగి పట్టేసిన భుజాలతో ఊళ్లో సగంమంది ఆవిడ ముందుకొచ్చి కూర్చునేవారు. అత్త మాత్రం చేపల పెట్టెలోంచి ఐసు ముక్క తీసి, గోనెగుడ్డలో చుట్టి తెచ్చింది.

“ఏటే ఇది? ఐసు సచ్చిన సేపకెడతారు గానీ బతికున్న మనిసికెడతారేటే?” అంది అమ్మమ్మ.

“సేపని కాసినట్టే నీ కొడుకునీ కాస్తాది అత్తా, సూడు” అంది అత్త.

అమ్మమ్మ అనుమానం నిజానికి ఐసు మీద కాదు. అత్త అన్నగారు ఒక ఏడు వేటకెళ్లి తిరిగి రాలేదు. అందుకే కోడలు మొగుణ్ణి సముద్రానికి పంపలేక కాలు మొద్దుబారుస్తోందని ఆవిడ లోలోపల లెక్క కట్టుకుంది. కొడుకు కాలికన్నా పడవలో చోటే ముసలమ్మకు ముఖ్యమని అత్త అనుమానం. అత్త బుట్టతో వీధి మలుపు తిరగ్గానే ఉప్పు మూట బయటికొచ్చేది. అత్త తిరిగొచ్చి చాప దులిపితే ఉప్పు గళ్లు రాలేవి. అమ్మమ్మ అదే చాప తడిమితే చేతికి తడి తగిలేది. దిగినట్టే దిగిన వాపు మళ్లీ పొంగేది, నేరం మాత్రం ఎప్పుడూ ఎదుటివాళ్లది.

“నా కాలు నాకొగ్గీండి బాబో” అని మావ గోడవైపు తిరిగి పడుకునేవాడు.

చివరికి అత్త బేరం మానుకుని మావ పక్కనే కాపలా కూర్చుంది. వాపు దిగింది గానీ, కాలు కట్టెలా బిగుసుకుపోయింది. అప్పుడు అత్తే, ఎవరూ చెప్పకుండా, మంగలం పొయ్యిమీద పెట్టి ఉప్పు వేయించసాగింది. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

“కాల్సీగలవు, గుడ్డ ఇంకో మడతెయ్యి” అంది.

పడవలు దిగిననాడు మావ కుంటుతూనే వెళ్లాడు. అతని వల అత్తే మోసుకెళ్లి పడవలో వేసింది. కోడలు ఎక్కడ కాళ్లు పట్టుకుని ఆపేస్తుందోనని వెనకే వెళ్లిన అమ్మమ్మ, తిరిగొచ్చేటప్పుడు కోడలి పక్కనే నడిచింది. అయినా కాలు ఎవరివల్ల నయమైందో ఇద్దరూ చివరిదాకా ఒప్పుకోలేదు. కొత్త వాపుకు చల్లదనం, ఆ తర్వాతి బిగుతుకు వేడి మంచిదని ఎన్నో ఏళ్ల తర్వాత ఒక డాక్టరు నాతో అన్నప్పుడు, ఆ మాట వాళ్లకు చెబుదామంటే ఇద్దరూ లేరు.

ఇప్పుడు మా ఇంట్లో అందరూ మంచివాళ్లే. సంచి పెట్టుకోమని ఫోను వేళకు మోగి గుర్తుచేస్తుంది. పెట్టుకున్నానంటే అందరూ నమ్మేస్తారు; నా పక్క దులిపి చూసేవాళ్లు గానీ, దుప్పటి తడిమి చూసేవాళ్లు గానీ ఎవరూ లేరు.