నూనె చేతికి నిలిచిన కత్తి

ఎర్రగా కాలిన ఇనుమును నీళ్లలో ముంచినప్పుడు సుయ్యిమని లేచే ఆవిరికి ఒక వాసన ఉంటుంది. మొన్న గిద్దలూరులో కత్తికి పదును పెట్టించుకుందామని బ్రహ్మయ్య కొలిమి ముందు నిలబడితే ఆ ఆవిరి ముక్కుకు తగిలింది. అంతే, షంషాద్ మేడమ్ పక్కనే నిలబడి "తొందరపడబాకు పిల్లా" అన్నట్టే అనిపించింది. మేడమ్ పోయి ఏడాది దాటింది. ఆమెను ఎరగనివాళ్లకు ఆమె గురించి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇన్నాళ్లూ ఊరుకున్నాను. కత్తి దగ్గర మొదలుపెడితే సరిపోయేదే!

మాది బేస్తవారిపేట పక్క పల్లె. నాయన మేకలు కాసేవాడు. నాకు నల్లమలలో బీట్ ఆఫీసరుగా ఉద్యోగం వచ్చినప్పుడు షంషాద్ మేడమ్ మా సెక్షన్ ఆఫీసర్. మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే ఇంటి ఆడపడుచు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి దులిపేసేది. నేను చేరిన రోజే మా రేంజి పెద్దసారు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆడపిల్ల అడవిలో ఏం తిరుగుతుంది? నర్సరీకి వేద్దాం, మొక్కలకు నీళ్లు పోసుకుంటుంది" అన్నాడు. నేను పరీక్ష రాసిందే అడవి కోసం. మేడమ్ ముందుకొచ్చింది. "ఈ ఎండాకాలం నా దగ్గర ఉండనీండి సార్. పనికిరాదంటే నేనే తీసుకపోయి నర్సరీలో దింపొస్తా" అంది. అలా నా అడవి ఒక్క ఎండాకాలం మీద వేలాడింది.

ఆ ఉత్సాహంలో ఫోన్లో చూసి ఒక పెద్ద కత్తి తెప్పించాను. అబ్బో, దాని సోకు చెప్పాలా! నల్లటి అలుగు, వీపున రంపపు పళ్లు, పిడి చివర దిక్సూచి. మొదటిరోజే దారికి అడ్డంగా పడిన ఎండు తుమ్మకొమ్మ మీద బలంగా ఒక వేటు వేశాను. పిడి నా చేతిలో ఉండిపోయింది, అలుగు ఎగిరి పొదలో పడింది. మాతో వచ్చిన వాచర్ ఈరన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "పెండ్లికి పెట్టుకపోయే కత్తి తెచ్చినావు తల్లీ!" మేడమ్ నవ్వలేదు. విరిగిన పిడిని కంటి దగ్గర పెట్టుకుని లోపలికి చూసింది.

"చూడు, ఇనుము పిడి మొదట్లోనే ఆగిపోయింది. లోపలంతా డొల్ల. గాలిని పట్టుకోని అడవికి వస్తే ఎట్ల?"

"మీ కత్తిలాంటిదే ఒకటి చేయించుకుంటాను మేడమ్" అన్నాను.

"నాది నా చేతికి కుదిరింది. నా చెప్పులేసుకోని కొండెక్కుతావా ఏంది? నీది నువ్వే ఎంచుకోవాల."

ఆ ఆదివారం బ్రహ్మయ్య కొలిమికి తీసుకెళ్లింది. లారీ కమాను పట్టీలను సాగగొట్టి చేసిన కత్తులను ఆయన గోనెసంచి మీద వరసగా పరిచాడు. నా చెయ్యి నేరుగా ముందుకు వంకర తిరిగిన కత్తి మీదికి పోయింది. నాయన చేతిలో పుట్టినప్పటినుంచీ చూసింది అదే మరి. మేడమ్ ముసిముసిగా నవ్వింది. "మేకలోళ్ల పిల్లవనిపించుకున్నావు. మండ వంచి లాగేదానికి ఆ వంకర బాగుంటది. నువ్వు పొయ్యేది తీగల్లోకి, ముండ్లల్లోకి. ఆ కొక్కెం పోయి తగులుకుంటే వెనక్కి లాక్కునేలోపల తెల్లారిపోతాది."

తర్వాత పక్కనున్న బజ్జీల బండి నుంచి గిన్నెలో చల్లారిన నూనె తెమ్మంది. బజ్జీలు కాదా అనుకున్నాను. ఆ నూనె నా అరచేతిలో పోసి, "ఇప్పుడు పట్టుకో, ఆ మొద్దును కొట్టు" అంది.

"నూనె చేత్తోనా?"

"అడవిలో నీ చెయ్యి పొడిగా ఉంటాదని ఎవురు చెప్పినారు? చెమట ఉంటది, వాన ఉంటది, ఒక్కోతూరి నెత్తురు ఉంటది."

అన్నింటికన్నా పొడుగాటిది పట్టి ఊపానో లేదో, జారి బ్రహ్మయ్య కాళ్ల దగ్గర పడింది. ఆయన గంతేసి, "అక్కో! ఈ పిల్ల కత్తి కొనేలోపల నా కాళ్లు ఉంటాయా?" అన్నాడు. ఒక్కొక్కటే పట్టి చూశాను. కుడిచేత్తో అయ్యాక ఎడమచేత్తో. కొన్ని తేలిక, కొన్ని రెండు వేట్లకే మణికట్టు లాగేశాయి. చివరికి ఒకటి నిలిచింది. మూరకన్నా పొట్టి, వీపు మందం, అలుగు ఇనుమే పిడి చివరిదాకా వచ్చింది, కొసన చిటికెనవేలిని ఆపే చిన్న బొడిపె. తళుకూ లేదు, బెళుకూ లేదు. "ఇది మేడమ్" అన్నాను. బాగుందనీ అనలేదు, బాగలేదనీ అనలేదు. "ఎంచుకునింది నువ్వు. రేపు విరిగితే నన్ను అనబాకు" అని, అప్పుడు తెప్పించింది బజ్జీలు.

ఎండాకాలం చివర, తొలివాన మొదలైన రోజు, మేడమ్, ఈరన్న, నేను అడవిలో చాలా లోపల ఉన్నాం. వాగులో దిగుతుంటే రాయి దొర్లి మేడమ్ పడిపోయింది. మోకాలి కింద ఎముక విరిగింది. ఫోన్‌కు సిగ్నల్ లేదు, వాగు పారితే అవతలికి పోలేం. ఈరన్న కేకలకు దగ్గర్లో ఉన్న ఇద్దరు మేకల కాపర్లు పరుగున వచ్చారు. నేను వెదురు చీల్చి ఆమె కాలికి కట్టు కట్టాను. మరో రెండు బొంగులు నరికితే, ఈరన్న పంచె, వాళ్ల కంబళి కలిపి డోలీ కట్టాం. డోలీ పట్టేంత దారి ఎక్కడుంది? ముగ్గురు మగవాళ్లు మోస్తుంటే ముందు నేను ముండ్లూ తీగలూ కొట్టుకుంటూ నడిచాను. అరచేతులు పొక్కి చితికాయి. వాన, నెత్తురు కలిసి పిడి మీద కారుతున్నా కత్తి జారలేదు. అంత నొప్పిలోనూ డోలీలోంచి గొంతు వినిపిస్తూనే ఉంది. "బలమంతా నువ్వే పెట్టబాకు పిల్లా. కత్తి బరువునే కొట్టనీ."

గిద్దలూరు ఆసుపత్రికి పెద్దసారు వచ్చాడు. "మగవాళ్లు ఉన్నారు కాబట్టి సరిపోయింది" అన్నాడు. మేడమ్ మంచం మీద మోచేతుల మీద లేచింది.

"మగోళ్లు మోసినారు సార్, వాళ్లకు దండం పెడతా. దారి కొట్టింది మాత్రం ఈ పిల్ల. డోలీలో పండుకోని మొత్తం చూసినా. నర్సరీ మాట ఇంగెత్తబాకండి."

ఆయన కాసేపు నా చేతుల కట్లు చూశాడు. "బీట్ నీదేనమ్మా" అని వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మేడమ్ కాలు అతుక్కుంది గానీ కొండలు ఎక్కేంత బలం తిరిగి రాలేదు. నర్సరీకి ఆమెనే వేశారు. మొదటిసారి చూడబోయినప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియలేదు. మొక్కల మధ్య స్టూలు మీద కూర్చుని, నన్ను చూడగానే "రా రా, నీ చోటులో నేను కూచున్నా" అని పగలబడి నవ్వింది. తర్వాత నీళ్లు పోస్తున్న ఆడవాళ్లందరినీ పిలిచి నా చెయ్యి పట్టుకుని తిప్పి చూపించింది. "చూడండమ్మా, కాయలు కాసిన చేతులు. నా అడవిలో తిరిగేది ఈ పిల్లే" అంది. ఆ గొంతులో బాధ కోసం వెతికాను, గర్వం తప్ప ఏమీ దొరకలేదు. ఇప్పటికీ అడవిలో ఎదురైనవాళ్లు "ఎవరి పిల్లవమ్మా?" అంటే నాయన పేరు చెప్తాను. ఆ వెంటనే, వాళ్లు అడక్కపోయినా, షంషాద్ మేడమ్ పిల్లను కూడా అని చెప్తాను.