గుర్రం లేని సమాధి

ఇరవై రెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానని కూడా మొన్నటిదాకా సరిగా తెలియలేదు. మొన్న గుర్రప్పందేలకు వెళ్తే తెలిసింది. ఆ దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు. ఎవరికో ఒకరికి చెప్పాలి. మీరు నా ముఖం ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

కుందుర్పి వైపు ఒక ఊళ్లో నేను బడిపంతులుగా పనిచేశాను. అక్కడ జాతరకు ఏటా గుర్రప్పందేలు జరుగుతాయి. కర్ణాటక వైపు నుంచి కూడా గుర్రాలు వస్తాయి. బొరుగుల అంగళ్లు, రంగులరాట్నాలు, మైకులు, మూడు రోజులు కాలు పెట్టడానికి సందుండదు. మొదట్లో పందేలు రోడ్డు పక్క బయల్లో పెట్టేవారు. రోడ్డు వెడల్పు చేయడంతో ఆ బయలు పోయింది. గుర్రాలు సూటిగా పరిగెత్తే నేల ఊరికి పడమర ఒక్కటే ఉంది. అది గొర్రెలు కాసుకునే ఈరన్నది, ఐదెకరాలు. వాన లేక ఆ ఏడు వేరుశనగ వేయలేదు. అయినా అడిగితే ఈరన్న ఇవ్వనన్నాడు.

అప్పుడు జాతర పెద్ద నా దగ్గరికి వచ్చాడు. కరపత్రానికి ఆ నేల చరిత్ర నాలుగు ముక్కలు రాయమన్నాడు. దానికి చరిత్ర ఏముందని నేను అడగలేదు. ఎందుకు అడగలేదు? అంత పెద్దమనిషి నా గడప తొక్కాడని పొంగిపోయాను, అంతే. కూర్చుని రాశాను. పూర్వం ఒక పాళెగాడి గుర్రం శత్రువులకు చిక్కకుండా దొరను మోసుకొచ్చి ఇక్కడే కుప్పకూలిందనీ, చేని మొదట్లో ఉన్న నిలువురాయి దాని సమాధి అనీ రాశాను. రక్తి కట్టడానికి ఇంకొక్క మాట చేర్చాను. ఆ నేలను దున్నితే ఊరికి వాన రాదట.

ఆ రాయి సంగతి నాకు తెలుసు. ఎద్దులు ఒళ్లు రుద్దుకోవడానికి వాళ్ల నాయన పాతాడని ఈరన్నే ఒకసారి చెప్పాడు. తెలిసే రాశాను. ఒక్క కాగితంతో నేల పోతుందని అనుకోలేదని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా అనుకోలేదా? వానకు ముఖం వాచిన ఊళ్లో వాన పేరెత్తితే ఏమవుతుందో తెలియనంత అమాయకుణ్నా? కాదు. తెలుసు.

ఆ ఏడు పందేలు ఈరన్న చేనులోనే జరిగాయి. మరుసటి ఏడు నాకు కళ్యాణదుర్గానికి బదిలీ అయింది. మళ్లీ ఆ ఊరు వెళ్లలేదు. ఈ ఏడు ఒక స్నేహితుడు లాక్కెళ్లాడు. మైకులో నా కథే చదువుతున్నారు, తరతరాల చరిత్ర అంటూ. రాయికి పసుపు, వెండి కళ్లు. నిజం చెప్పాలంటే మొదట నవ్వొచ్చింది. అంతలో ఈరన్న కనిపించాడు. ముసలివాడైపోయాడు. చెప్పులు విడిచి రాయి మీద నీళ్లు పోస్తున్నాడు.

“ఏం ఈరన్నా, చేను దున్నేది లేదా?” అన్నాను.

“యాడ దున్నేది అయివారూ! ఈడ దొర గుర్రం పండుకోనుండాది గదా. ఆ ఏడే ఇడ్సిపెట్టినా. నా ఐదెకరాల కోసరం ఊరికి వాన పోగొడతానా? మంది గొర్రెలు కాసుకుంటాండా.”

“మరి రాయి మీ నాయన పాతినాడని నువ్వే చెప్తివి గదా?”

“మా నాయన అబద్దం చెప్పినాడు సామీ. సదువు లేనోడు, ఆయప్పకేం తెలుసు? సచ్చేదాంకా ‘నేనే పాతినా రా, నేనే పాతినా’ అని కొట్లాడినాడు. నేనే నోరు మూయించినా. మీరు రాసింది తప్పు పోతాదా?”

నేల పోయిందని ఎక్కడో లోపల తెలుసు. కానీ ఇది? తండ్రి అబద్ధాలకోరని కన్న కొడుకునే నమ్మించానే, ఆ మాట వింటూ ఆ ముసలాయన పోయాడే! అక్కడే ఒక్క మాట అంటే సరిపోయేది. ఈరన్న నా ముఖంలోకే, అదే నమ్మకంతో చూస్తున్నాడు. “సరే, వస్తా ఈరన్నా” అని వచ్చేశాను. ఛీ!

చెబితే తట్టుకోలేడని అప్పటి నుంచీ సాకు వెతుక్కుంటున్నాను. తట్టుకోలేనిది నేను. మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీ చేతుల్లో లేదు. రాస్తుంటే ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది. ఆ కథ రాసిన చేత్తోనే ఇదీ రాస్తున్నాను. ఈరన్న నాయన నిజమే చెప్పాడు.