కడిగిన ఆకుదొప్ప

ఛత్తీస్‌గఢ్ ఇనుపగనుల ఊరైన కిరండూల్ కాలనీలో అప్పలనర్సమ్మ కృతజ్ఞతలు చెబుతుంటే, కొత్తవాళ్లు ఎవరితోనో పోట్లాడుతోందనుకుంటారు. పరదేశంలో ఉన్నవాళ్లు ఉన్న సుఖాలకు రోజూ దండం పెట్టుకోవాలని ఫోనులో ఎవరో స్వామి చెప్పాడట. విశాఖ దాటితే ఆమెకు అంతా పరదేశమే. పొద్దున్నే కొంగు బిగించి, "ఎర్రనీళ్ల కుళాయి తల్లీ, దండం! మూలిగి చచ్చే ఫ్యానూ, నీకూ దండమే!" అని పెరట్లోంచి అరుస్తుంది. గోడవతల ఉండే ఆదివాసీ పొరుగామె సన్నే ఎర్రచీమల పచ్చడి నూరితే మాత్రం దండం లేదు, ముక్కు మూసుకుని తిట్లే. మొన్న జ్వరమొచ్చి ఆమెకు నోరు చేదెక్కింది. సన్నే ఆ పచ్చడే ఆకుదొప్పలో పెట్టి గోడమీద ఉంచి పోయింది. దాంతో ముద్ద దిగింది. ఇంకా కావాలి, కానీ తిట్టిన నోటితో అడగడమెలా?

మర్నాడు ఆ దొప్పను కడిగి, ఆరబెట్టి, బెల్లంముక్క వేసి గోడమీదుగా అందించబోయింది. సన్నే పగలబడి నవ్వింది.

"దీదీ, ఆకుదొప్పని ఎవరైనా కడుగుతారా? తిని పారేసేదే!"

"నవ్వుతావేటే? మావైపు గిన్నె ఖాళీగా తిరిగివ్వరు."

"మరి పచ్చడెలా ఉంది?"

"ఏడ్చినట్టుంది," అంది అప్పలనర్సమ్మ మొహం తిప్పుకుని. దొప్పను మాత్రం వదల్లేదు. "బెల్లం తీసుకో. దొప్ప నింపి ఇటు తగలెయ్!"