తిమ్మప్ప పేరున బియ్యం

పెత్తరమాస నాడు నాగర్‌కర్నూల్‌లోని మా ఇంట్లో పెద్దల పేరున బియ్యం ఇచ్చేటప్పుడు, చివర్లో మాకు చుట్టం కాని ఒక పేరు వస్తుంది: తిమ్మప్ప. రెండో ప్రపంచ యుద్ధంలో, బర్మాలో, మా తాత నడిపిన ట్యాంకుకు ఆయన అధికారి, జమాదారు. ట్యాంకు అంటుకుంటే తాతను బయటికి లాగి, లోపల మిగిలిన గన్నర్ కోసం మళ్లీ మంటల్లోకి దిగాడు. తిరిగి రాలేదు. బతికి బయటపడ్డ ముఖం తిమ్మప్ప ఇంట్లో ఎలా చూపించాలో తెలియక, తాత ఆయన ఊరు మల్దకల్ వెళ్లకుండానే కన్నుమూశాడు. ఈసారి పెత్తరమాసకు ముందే నేను బయల్దేరాను.

పొద్దున్నే వనపర్తి బస్సెక్కి, అక్కడ టీ తాగి, పెబ్బేరు మీదుగా గద్వాల చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బీచుపల్లి వంతెన కింద కృష్ణ నిండుగా పారుతోంది. కిటికీ పక్క సీటు చూసుకోండి. గద్వాల నుంచి మల్దకల్‌కు షేర్ ఆటో, ముప్పై నలభై రూపాయలు. తిమ్మప్ప ఇల్లెక్కడని అడిగితే డ్రైవర్ నవ్వాడు.

"మల్దకల్‌ల ఇంటికో తిమ్మప్ప ఉంటడు సార్, ఊరి దేవుని పేరే గది. ఏ తిమ్మప్ప?"

యుద్ధానికి పోయి రాని తిమ్మప్ప అన్నాను. నవ్వు ఆపేసి, ఆయన చెల్లెలు ఈరమ్మ ఉందని చెప్పి, వాకిట్లోనే దింపాడు.

ఈరమ్మకు తొంభై దాటాయి. ఆమె మనవరాలు మజ్జిగ ఇస్తూ ఒక సంగతి చెప్పింది. పోయాడన్న కబురు వచ్చినా, శవం చూడనిదే నమ్మనని తిమ్మప్ప తల్లి పట్టుబట్టిందట. బతికున్నవాడి పేరున బియ్యం ఇస్తే ఆయుష్షు పోతుందని ఎన్నడూ ఇవ్వనివ్వలేదట. తల్లి పోయాక ఈరమ్మా ఆ మాటే పట్టుకుంది. మేమేమో ఇన్నేళ్లుగా ఇస్తూనే ఉన్నాం. మజ్జిగ తాగి, ఏమీ చెప్పకుండా లేచి వెళ్లిపోదామనిపించింది.

"ఏం పనివడి వచ్చినవ్ బిడ్డా?" అని ఈరమ్మే అడిగింది.

చెప్పాను. మంటల సంగతి, గన్నర్ సంగతి, చివరికి బియ్యం సంగతి కూడా. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ ఏడుపు ఆగలేదు.

"ఆ దినం ఏం వండుతరు, ఆయనకు?"

అన్నం, పప్పు, గారెలు అన్నాను.

"అయితె మా అన్న ఇన్నేండ్లు ఉపాసం లేడు."

ఈ యేడు తామూ ఇస్తామని, అలాగని మేము ఇవ్వడం ఆపొద్దని చెప్పి పంపింది. ఆయన తెగువ వల్ల మా ఇంట్లో ఒక ప్రాణం మిగిలింది, వాళ్లింట్లో ఒక ఆశ మిగిలింది. ఆ ఆశను నేనే తుంచి వచ్చాను. మంచి పనే చేశానా అని దారంతా బాధపడ్డాను, ఇప్పటికీ తేలలేదు. మీరు మల్దకల్ వెళ్తే చీకటి పడకముందే గద్వాల ఆటో పట్టుకోండి. ఎవరినైనా వెతుక్కుంటూ వెళ్తే మాత్రం ఇంటిపేరు కూడా తెలుసుకుని వెళ్లండి. తిమ్మప్ప ఇంటిపేరు నాకు ఈరమ్మే చెప్పింది. ఈ పెత్తరమాసకు మా ఇంట్లో ఆయన్ని మొదటిసారి నిండు పేరుతో పిలుస్తాం.