సూపర్‌వైజర్ కోటు

ఇంగ్లండులోని మా ఓల్డమ్ ఊరి ఆసుపత్రి లాండ్రీలో బెరిల్ ఆష్‌వర్త్ దుప్పట్లు మడతపెడుతుంది. ఆవిరికి ఎర్రబారిన చేతులు పనిలోనే ఉంటాయి గాని, చూపు మాత్రం కొత్త సూపర్‌వైజర్ జోడీ వెంట తిరుగుతుంది. జోడీ ఎవరితోనైనా నవ్వితే చాలు, బెరిల్ దుప్పటిని అవసరానికి మించి గట్టిగా దులుపుతుంది. నిజానికి ఆ ఉద్యోగం మొదట బెరిల్‌కే ఇవ్వజూపారు. పక్షవాతంతో ఇంట్లో ఉన్న భర్తను కనిపెట్టుకుని ఉంటున్నందుకు ప్రభుత్వం ఆమెకు భృతి ఇస్తుంది. జీతం ఒక హద్దు దాటితే ఆ భృతి తగ్గదు, మొత్తంగా ఆగిపోతుంది. పెరిగిన జీతంలోంచి పన్ను మాత్రం తప్పకుండా కోస్తారు. పదోన్నతి పొందిన మనిషి మునుపటికంటే పేదదయ్యే ఈ ఏర్పాటును ఏ చట్టసభ న్యాయమనుకుందో గాని, బెరిల్ మాత్రం "కాళ్ళ నొప్పులండీ, నావల్ల కాదు" అని చెప్పి వచ్చేసింది.

నిన్న టీ వేళ సూపర్‌వైజర్ గదిలో ఎవరూ లేరు. జోడీ కొక్కేనికి తగిలించి వెళ్ళిన నీలం కోటును బెరిల్ తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, అద్దంలో పక్కకు తిరిగి చూసుకుంటూ ఉండగా తలుపు తెరుచుకుంది.

"అబ్బో, మేడమ్‌గారు! ఇవాళ మాకు సెలవిస్తారా?" అంటూ జోడీ నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి, "నిజంగా నీకే బాగుంది బెరిల్. కాళ్ళు నయమైతే చెప్పు, ఇంకో పోస్టు ఖాళీ అవుతోంది" అంది.

బెరిల్ ఒక్కొక్క గుండీ విప్పింది.

"భుజాల దగ్గర బిగుతుగా ఉంది తల్లీ" అని, కోటును కొక్కేనికి తగిలించి, ముడతలు పడకుండా రెండు చేతులా సవరించింది.