ఆయ్ అంటే ఔనని కాదు

2006 ఆగస్టులో, యానాంలో అడవిపొలం అనే పేటలోని మా ఇంటి ముందుగదిలో కూర్చుని, ‘లంకమేర’ అనే నవలను ఇంటర్నెట్లో సొంతంగా ప్రచురించే పనికి దిగాను. ఆ పని నాకెవరూ అప్పగించలేదు. అంతకుముందు చాలా ఏళ్లు వారపత్రికలకు సీరియళ్లు రాయడమే నా వృత్తి. రచయితలకు రిటైర్మెంటు ఉండదని సభల్లో గొప్పగా చెబుతుంటారు. ఎందుకుండదు? నేను తీసుకున్నాను, హాయిగా ఉన్నాను. కాకపోతే ఆ రోజుల్లో ఈ పని ఎలా నడిచేదని అడిగేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. వాళ్లకు ‘లంకమేర’ సంగతి చెబితే చాలనిపిస్తుంది.

వారపత్రిక సీరియల్‌కు ఒక కొలత ఉండేది. వారానికి ఇన్ని పేజీలని ముందే చెప్పేవారు. భాగం చివర ఒక ముడి వెయ్యాలి, అది విప్పుకోవడానికి పాఠకులు వచ్చేవారం సంచిక కొనాలి. ఆ ముళ్లు వెయ్యడంలో నాకు మంచి పేరే ఉండేది. అయితే నా కథానాయికలందరూ హైదరాబాదు మేడల్లో, నేనెన్నడూ తాగని కాఫీలు తాగుతూ బతికారు. పత్రికకు అదే కావాలి. ‘లంకమేర’ ఒక్కటే మా గోదావరి పాయ మీద, మా మాటల్లో రాసుకున్నది. అది పూర్తయ్యేనాటికి టీవీ దెబ్బకు పత్రికలో సీరియల్ పేజీలు తగ్గిపోయాయి. ఇప్పట్లో కొత్త నవలలు తీసుకోమని ఇన్‌ఛార్జి ఎడిటర్ శేషగిరిరావుగారు మర్యాదగానే చెప్పారు. నాకు కడుపు మండింది. ఇదొక్కటీ జనంలోకి వెళ్లకపోతే, ఇన్నేళ్ల రాతలో నాదని చెప్పుకోవడానికి ఏమీ మిగలదనిపించింది.

కథ చిన్నదే. చిట్టెమ్మ అనే ఒంటరి ఆడమనిషికి గోదావరి మధ్య లంకలో ఎకరం పొలం ఉంటుంది. రొయ్యల చెరువుల కోసం దాన్ని తీసుకోవాలని ఊరిపెద్ద సూర్రావు వస్తాడు. ఆ పొలం ఇస్తానని చిట్టెమ్మ ఒప్పుకుందా లేదా అన్నదే నవలంతా.

మా వీధి చివర సుజాత అనే అమ్మాయి నెట్ సెంటర్ నడిపేది. పెళ్లి శుభలేఖలు, ఫ్లెక్సీలు కూడా ఆవిడే టైపు చేసేది. నవల ఆవిడ చేతే కొట్టించాను. తీరా ఇంటర్నెట్లో పెడితే తెలుగంతా ఇంగ్లిషు అక్షరాల పిచ్చిగీతలై కూర్చుంది. అచ్చుకు వాడే ఫాంట్లు వేరు, తెరకు కావలసిన యూనికోడ్ వేరు. అచ్చు ఫాంటు దొంగవేషం లాంటిది. లోపల ఇంగ్లిషు అక్షరమే ఉంటుంది, పైకి మాత్రం ‘క’లా కనబడుతుంది. ఆ సంగతి తెలిశాక మొత్తం మళ్లీ యూనికోడ్‌లో కొట్టుకున్నాం. బ్లాగు పెట్టి, ముందుగా మొదటి భాగం ఎక్కించాను. గంటకోసారి నెట్ సెంటర్‌కు వెళ్లి ఎవరైనా చదివారా అని చూసేదాన్ని. నన్ను చూడగానే సుజాత కుర్చీ ఖాళీ చేయించేది.

“అమ్మగారూ, కూకోండి. మీరలా తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయండి బాబు.”

వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకటే మాట: మాకు డబ్బాలు తప్ప ఏమీ కనబడటం లేదు. అప్పటి కంప్యూటర్లలో తెలుగు అక్షరాలుండేవి కావు. అక్షరం ఉండవలసిన చోట ఖాళీ చతురస్రం కనబడేది. ఎవరికి వారు ఏదో సెట్టింగు మార్చుకోవాలి. అది ఎలా మార్చుకోవాలో తెలుగులో వివరంగా రాసి బ్లాగులో పెట్టాను. అదీ వాళ్లకు డబ్బాలుగానే కనబడింది. ఆ రోజు నా మీద నాకే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కళ్లకైతే డబ్బాలు గానీ చెవులకేం డబ్బాలుంటాయి? నవల చదివి వినిపిద్దామనుకున్నాను.

పాడ్‌కాస్ట్ అనే మాట అప్పటికి కొత్త. వారపత్రికకు చందా కట్టినట్టే, ఒకసారి నమోదు చేసుకుంటే కొత్త భాగం వచ్చినప్పుడల్లా దానంతట అదే కంప్యూటర్లో దిగిపోతుంది. దీన్ని ఫీడ్ అంటారు. హైదరాబాదులో ఫణీంద్ర అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి సరదాకి తెలుగు కథల ఆడియో వెబ్‌సైటు నడుపుతున్నాడని తెలిసి ఉత్తరం రాశాను. మీరు చదివి పంపండి, శుభ్రం చేసి పెట్టే పూచీ నాదన్నాడు.

రికార్డింగంటే అంత సులువేం కాదు. గోడలకు పరుపులు ఆనించి, తలుపు సందుల్లో బట్టలు కుక్కి, నెట్ లేని మా ఇంటి కంప్యూటర్‌కు తగిలించిన హెడ్‌ఫోన్ మైకు ముందు కూర్చునేదాన్ని. ఆదివారం యానాంలో మందు చవకని అవతలి జిల్లా నుంచి వచ్చే జనం, మంగళవారం సంతకు వచ్చే ఆటోలు. మధ్యలో మా ఆయన రామారావుగారు. ఆయనది కనకాలపేటలో రొయ్యల మేత కొట్టు. ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్లకు ఫోన్ లేకుండానే వినబడుతుంది. ఆయన కొట్టుకు వెళ్లిన వేళ చూసుకుని చదివేదాన్ని. సుజాత సెంటర్లోని నత్తనడక నెట్ మీద ఒక భాగం కూడా పైకెక్కేది కాదు. సీడీలో వేసి కొరియర్ చేసేదాన్ని.

మూడు భాగాలు బాగానే వెళ్లాయి. నాలుగోది వెళ్లాక విజయవాడ నుంచి ఒకావిడ ఈమెయిల్ పంపింది. ‘సూర్రావు ఎంతసేపు మాట్లాడినా చిట్టెమ్మ నోరెత్తలేదు. మరి ఒప్పుకుందని ఊరంతా ఎందుకనుకున్నారు? నాకేమీ అర్థం కాలేదు.’ గబగబా సుజాత దగ్గరికి వెళ్లి విన్నాను. సూర్రావు అరుగు మీద కూర్చుని షరతులు ఒక్కొక్కటే చెబుతాడు. ప్రతి షరతుకూ చిట్టెమ్మ ‘ఆయ్’ అంటుంది. నేను చదివినప్పుడు అలాగే చదివాను. సైటులో ఒక్క ‘ఆయ్’ కూడా లేదు. చిట్టెమ్మ నోట్లోంచి మాట పీకేసినట్టే ఉంది. సుజాత కూడా విని బుగ్గలు నొక్కుకుంది.

“ఇదేటండీ, చిట్టెమ్మని మూగదాన్ని చేసేత్తారా!”

వెంటనే ఫణీంద్రకు ఫోన్ చేశాను. అతను నిజంగానే కంగారుపడ్డాడు.

“మేడమ్, ఆ సౌండ్ ప్రతి లైన్ తర్వాతా వస్తోంది. మీరు గొంతు సవరించుకుంటున్నారనుకున్నాను. కష్టపడి ఒక్కొక్కటే కట్ చేశాను.”

అతను పుట్టిందీ పెరిగిందీ హైదరాబాదే. తప్పు పట్టడానికేముంది? గోదావరివైపు పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో ఆయ్ అంటూండాలని, అనకపోతే పొగరనుకుంటారని అతనికెవరు చెప్పారు? ఆయ్ అంటే వింటున్నానండి, చెప్పండి అని. ఒప్పుకున్నానని కాదు, ఒప్పుకోనని కూడా కాదు. కొన్నిసార్లు ఒప్పుకున్నప్పుడు కూడా ఆయ్ అంటాం. అదే తిరకాసు. సూర్రావుకు ఆ తిరకాసు తెలుసు, అందుకే తనకు పనికొచ్చే అర్థం తీసుకుని ఊళ్లో చాటించేశాడు.

ఆయ్ బదులు ‘సరే’ అని మళ్లీ చదివి పంపితే అన్ని ప్రాంతాలవాళ్లకీ అర్థమవుతుంది కదా అని ఫణీంద్ర సలహా ఇచ్చాడు. సరే అంటే చిట్టెమ్మ ఒప్పుకున్నట్టే, ఇక నవలెక్కడిదన్నాను. అతని దగ్గర నా అసలు రికార్డింగు భద్రంగా ఉంది. ఆయ్‌లన్నీ తిరిగి పెట్టాడు. భాగానికి ముందు నా గొంతుతోనే ఒక మాట చేర్చాం: ‘మా వైపు ఆయ్ అంటే విన్నానని. ఒప్పుకున్నానని కాదు.’

ఆ ఒక్క మాటతో నవల దశ తిరిగింది. బొంబాయిలో, మస్కట్‌లో పని చేసుకుంటున్న మా వైపువాళ్లు ఉత్తరాలు రాశారు. మా అమ్మమ్మ ఇలాగే అనేదండీ అని ఒకరు, ఈ ఆయ్ వల్లే నాకు పెళ్లయిందని ఒకరు. నాకు నేల మీద కాలు నిలవలేదు. రెండు నిమిషాలకోసారి కొత్త ఉత్తరం వచ్చిందేమో చూడమని సుజాత ప్రాణం తీశాను.

సరిగ్గా అప్పుడే శేషగిరిరావుగారు ఫోన్ చేశారు. నవల గురించి మంచి మాటలు వింటున్నామని, సీరియల్‌గా వేద్దామని అన్నారు. తర్వాత నిదానంగా షరతులు చెప్పారు. ఎనిమిది వారాలకు కుదించాలి. భాషను ఆఫీసులో కాస్త సరిచేసుకుంటారు. తొలి ప్రచురణ హక్కు పత్రికదే కనుక ఇంటర్నెట్లో పెట్టిందంతా, ఆడియోతో సహా, తీసేయాలి. తొలి ప్రచురణ హక్కంటే, ఆ రచన ముందుగా ఎక్కడా బయటకు రాకూడదని. ఆయన వయసులోనూ హోదాలోనూ పెద్దవారు. పూర్తిగా విని, ఆలోచించి ఉత్తరం రాద్దామనుకున్నాను. మంచిదమ్మా అని ఆయన ఫోన్ పెట్టేశారు.

ఆ వారమంతా ఊగిసలాడాను. పత్రికలో వేస్తే ఊరూరా చదువుతారు. ఇంటర్నెట్లో వినేది ఎందరు, గుప్పెడు మంది. పొద్దున వెయ్యనిద్దాం అనుకునేదాన్ని. కూర పొయ్యి మీద పెట్టేసరికి వద్దనుకునేదాన్ని. సరిచేసిన భాషలో చిట్టెమ్మ ఎలా మాట్లాడుతుందో ఊహించుకుంటే ఒళ్లు మండేది. చివరికి వద్దనే నిశ్చయించుకుని, ఉత్తరం రాయడానికి కవరు కొనుక్కుందామని సంతరోజు బయల్దేరాను. బస్టాండులో పుస్తకాల బంకు ముందు కొత్త సంచిక వేలాడుతోంది. అట్ట మీద నా ఫోటో. పక్కన: త్వరలో కొత్త సీరియల్, ‘చిట్టెమ్మ చిరునవ్వు’.

నా చిట్టెమ్మ నవల మొత్తం మీద ఒక్కసారి కూడా నవ్వదు.

నెట్ సెంటర్‌కు పరుగెత్తాను. సైటులో ఆడియో లేదు. ఫణీంద్ర కూడా ప్రకటన చూశాడు. పాపం పద్ధతైన మనిషి, పత్రికతో నాకు ఇబ్బంది రాకూడదని తనంతట తనే భాగాలన్నీ తీసేసి, అభినందనలు తెలుపుతూ ఈమెయిల్ పంపాడు. ఐదో భాగం ఏదండీ అంటూ వినేవాళ్ల ఉత్తరాలు వరుసగా ఉన్నాయి. అక్కడి నుంచే పత్రికాఫీసుకు ఫోన్ చేశాను. నేను ఒప్పుకోకుండా ఎలా ప్రకటించారని అడిగితే శేషగిరిరావుగారు నిజంగా ఆశ్చర్యపోయారు.

“అదేమిటమ్మా! ఒక్కొక్క షరతూ విడమరిచి చెప్పాను. ప్రతిదానికీ మీరు ఆయ్, ఆయ్ అంటూనే ఉన్నారు. పక్కన మా సబ్ ఎడిటర్ కూడా ఉన్నాడు.”

అని ఉంటాను. అనకుండా ఎలా ఉంటాను? పెద్దాయన మాట్లాడుతున్నారు.

“ఆయ్ అన్నానండీ. ఔనన్నానా?” అన్నాను.

“మాది గుంటూరువైపమ్మా. ఎవరైనా ఆయ్ అంటే సరేనన్నారనే అనుకుంటాం.”

మా నాలుగో భాగం వినండి, తెలుస్తుంది అందామనుకున్నాను. వినడానికి అది సైటులో ఉంటే కదా! వివరణతో సహా తన సెంటర్లోనే దాచిన సీడీని సుజాత కంప్యూటర్లో పెట్టి, ఫోను రిసీవర్ స్పీకర్ దగ్గర పట్టుకుంది. సెంటర్లో ఉన్న నలుగురూ పని మానేసి విన్నారు. నా గొంతు ముందు ఆ వివరణ చెప్పింది. తర్వాత సూర్రావు షరతులు, చిట్టెమ్మ ఆయ్‌లు. భాగమంతా అయ్యాక రిసీవర్ మళ్లీ చెవికి ఆనించుకున్నాను.

“అయితే నేనిప్పుడు సూర్రావునన్నమాట,” అన్నారాయన.

ఆయన సూర్రావు కాదు. వచ్చే సంచికలో ప్రకటన వెనక్కి తీసుకుంటామని అక్కడికక్కడే చెప్పారు. అయితే ఆయన పైన యాజమాన్యం ఉంది. అట్ట మీద ప్రకటించి వెనక్కి తీసుకోవడం పత్రికకు తలవంపు. ఇక మీదట మీ రచనలు మా పత్రికలో రావడం కష్టమమ్మా అని కూడా దాచకుండా చెప్పారు. నేను రాసుకుని బతికిన పత్రిక అది. ఆయ్ అనబోయి, ఆపుకున్నాను.

“సరేనండి. ఒప్పుకుంటున్నాను,” అన్నాను.

ఫణీంద్ర భాగాలన్నీ మళ్లీ ఎక్కించాడు. ఐదో భాగం నుంచి ఒక్కొక్కటే చదివి పంపుతూ చివరి భాగానికి వచ్చాను. మొదట రాసిన ప్రకారం, పంచాయతీలో అందరూ చూస్తుండగా చిట్టెమ్మ మౌనంగా ఉండిపోతుంది, పొలం పోతుంది. ఆ మౌనం గొప్ప కళ అని నేను మురిసిపోయిన ముగింపు అది. అదే పత్రికకైతే కంపోజింగ్ కూడా అయిపోయి ఉండేది. ఇంటర్నెట్లో రేపు పెట్టబోయేది ఇవాళ మార్చుకోవచ్చు. మైకు ముందు కూర్చున్నాక ఆ మౌనం నాకు చిరాకు పుట్టించింది. కాగితం కొట్టేసి, చిట్టెమ్మ చేత రెండే మాటలనిపించాను: “ఇన్నానండి. ఇవ్వనండి.”

మా ఆయన అది విని నవ్వారు.

“ఈ ముక్కేదో మొదట్లోనే అనేత్తే నవలే ఉండేది కాదు కదే!”

నిజమే, ఉండేది కాదు. తర్వాత మరో రెండు నవలలు అలాగే చదివి పెట్టి, కలం పక్కన పెట్టేశాను. ఆ పత్రిక నుంచి మళ్లీ పిలుపు రాలేదు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు చెప్పగలిగింది ఒకటే. మీ రచన గురించి ఎవరైనా షరతులు చెబుతుంటే మీ ఊరి మర్యాద ప్రకారం వినండి. విన్నాక ఒప్పుకున్నదీ ఒప్పుకోనిదీ అవతలివాళ్ల ఊరి మాటలో చెప్పి, ఆ తర్వాతే ఫోన్ పెట్టండి.