అమ్మ నిశాని పెట్టని కాగితం

మా ఊరు నెల్లికుదురుకు దగ్గరే. ఊరి బడిలో అమ్మ పన్నెండేళ్లకు పైగా మధ్యాహ్న భోజనం వండింది. ఆమెతోపాటు వండే ఇంకొకామెను నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. మేము క్రైస్తవులం, వాళ్లు హిందువులు. ఒకే పొయ్యి దగ్గర పొగ పీల్చి, ఎదురెదురుగా కూర్చుని ఉల్లిగడ్డలు కోసి వాళ్లిద్దరూ అక్కాచెల్లెళ్లయ్యారు. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. ఇంట్లో అమ్మా నేనే.

అమ్మకు చదువు రాదు. ఆదివారం మందిరంలో విన్నదీ, సాయంత్రాలు నేను బైబిలు తీసి చదివి వినిపించిందీ ఆమెకు గుర్తుండిపోయేది. ఆమెకొక అలవాటు ఉండేది. అన్నం దించాక, మూత తీసేముందు ఒక్క క్షణం కళ్లు మూసుకునేది. పెదవులు కూడా కదిలేవి కావు. ఇంట్లో మా ఇద్దరికీ వండినా అంతే, బడిలో నూరు మందికి వండినా అంతే.

నేను జనగామలో హాస్టల్లో ఉండి టీచర్ ట్రైనింగ్ చేస్తున్న ఏడు ఊళ్లో ఒక మాట పుట్టింది. అమ్మ అన్నం మీద ఏదో చదువుతున్నదనీ, పిల్లలను తన మతంలో కలుపుకోవడానికే అలా చేస్తున్నదనీ. ముందు ఎవరన్నారో ఇప్పటికీ తెలియదు. ఆ వంట పని తనవాళ్లకు ఇప్పించుకోవాలని బడి కమిటీలోని ఒక పెద్దమనిషికి ఉండేదని మాత్రం తర్వాత తెలిసింది. వారం తిరక్కముందే సగం మంది పిల్లలు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకోసాగారు. ఒక పాప కంచం మీద చేయి అడ్డం పెట్టి, "మా అమ్మ వద్దన్నది" అందట. ఆ పాప పుట్టినప్పుడు పది రోజులు వాళ్లింటికి వెళ్లి తల్లికీ బిడ్డకూ నీళ్లు పోసింది మా అమ్మే.

ఒక రోజు కమిటీవాళ్లు అమ్మను పిలిచి ఒక కాగితం ముందు పెట్టారు. వేలిముద్రను మా దగ్గర నిశాని అంటాం.

"నిశాని పెట్టు. ముచ్చట గింతటితోని అయిపోతది" అన్నాడు ఆ పెద్దమనిషి.

"ఏం రాసిన్రో జర చదువుండ్రి సారూ" అని అమ్మ హెడ్మాస్టరును అడిగింది.

ఆయన మంచివాడే, కానీ భయస్థుడు. తలెత్తకుండా చదివాడు. ‘పిల్లలకు మతం బోధించడం నా తప్పు, అందుకే నా ఇష్టంతో పని మానుకుంటున్నాను’ అని ఉంది.

"నేను గా తప్పు చెయ్యలే సారూ. చెయ్యని తప్పుకు నిశాని ఎట్ల పెడుత?" అని అమ్మ బయటికి వచ్చేసింది. మర్నాటి నుంచి బడికి రావద్దన్నారు.

చిన్నమ్మ ఫోన్ చేస్తే నేను జనగామ నుంచి వచ్చాను. మా పాస్టరు అయ్యగారు అప్పటికే ఇంట్లో కూర్చుని ఉన్నారు. "ప్రభువు చూసుకుంటడమ్మా. మనం సహించాలె. ఊరితోని పెట్టుకుంటే రేపు మన మందిరానికి కష్టమైతది" అన్నారు. ఆయన భయం అబద్ధం కాదు. నాలుగు గోడలూ రేకుల కప్పూ ఉన్న ఆ మందిరం కట్టడానికే ఆయన పదేళ్లు తిరిగారు. అమ్మ ఆయనకు ఎదురు చెప్పలేదు. ఆయన వెళ్లాక నా వైపు తిరిగి, "అర్జీ రాయి బిడ్డా. సోమవారం మానుకోటకు పోయి కలెక్టరాఫీసుల ఇచ్చొస్త" అంది.

మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. అక్కడికి వెళ్లి ఊరి పెద్దల మీద అర్జీ ఇవ్వడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఈ ఊళ్లోనే బతకాలి. రేపు నాకు ఉద్యోగం రావాలంటే వీళ్ల నోళ్లు మంచిగా ఉండాలి. అవేవీ నేను చెప్పలేదు.

"ఒక చెంప మీద కొడితే ఇంకో చెంప చూపమన్నడు గద ప్రభువు. ఇడిసిపెట్టమ్మా" అన్నాను.

నాకు అప్పుడు ప్రభువు గుర్తే లేడు. నా భయానికి వాక్యాన్ని అడ్డం పెట్టుకున్నాను.

అమ్మ మెల్లగా అంది: "ఆయనను పట్టుకపోయి విచారణ చేసినప్పుడు బంట్రోతు చెంప మీద కొట్టిండు గద. అప్పుడు ఆయన ఊకున్నడా? నా మాటల తప్పుంటే చెప్పు, లేకుంటే ఎందుకు కొడుతున్నవని అడిగిండు. తిరిగి కొట్టలే. కాని అడిగిండు. నేను గూడ గంతే బిడ్డా. ఎవ్వలను తిట్ట. ఎవ్వలకు కీడు కోర. అడుగుత."

అయినా నేను రాయలేదు. తలనొప్పి అని గోడ వైపు తిరిగి పడుకున్నాను.

సోమవారం పొద్దున్నే అమ్మ ఒక్కతే బస్సెక్కింది. పొద్దుగూకే వేళకు వచ్చింది. నేనేమీ అడగలేదు. కాళ్లు కడుక్కుంటూ తనే చెప్పింది. "ఆఫీసు బయట జిరాక్స్ దుకాణంల ఒకాయన రాసిచ్చిండు. మంచోడు. చాయ్ గూడ తాగిపిచ్చిండు." ముక్కూ మొహం తెలియని మనిషి అమ్మ గోడు విని కాగితం మీద పెట్టాడు. ఆమె కష్టపడి చదివించిన కూతురు ఇంట్లో పడుకుంది.

నెలన్నర తర్వాత ఒక అధికారి విచారణకు వచ్చాడు. ఐదో తరగతి గదిలో కమిటీవాళ్లూ, కొందరు తల్లిదండ్రులూ కూర్చున్నారు. ఆ రోజు నేనూ వచ్చాను. అధికారి ఒక్కొక్కరినే అడుగుతుంటే ఎవరూ సూటిగా చెప్పడం లేదు. ‘అందరూ అంటున్నారు సార్’ అనే మాటే అందరి నోటా. చివరికి ఆయన నన్ను చూశాడు.

"నువ్వు ఈమె కూతురివా? నువ్వేమైనా చెప్తావా?"

"నేను జనగామల ఉంటున్న సార్. నాకు సరిగ్గ తెల్వది" అన్నాను.

పుట్టినప్పటి నుంచీ ఆమె చేతి అన్నం తిన్నదాన్ని. ఆమె కళ్లు మూసుకుని ఏం అడుగుతుందో నాకు తెలుసు. తిన్నవాళ్లకు ఒంటబట్టాలని అడిగేది, అంతే. ఆ ఒక్క మాట నా నోట రాలేదు. అమ్మ నా వైపు చూడలేదు.

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ చిన్నమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. "అక్క మొక్కుకునుడు నిజమే సారూ. నేను గూడ పొయ్యి ముట్టిచ్చేటప్పుడు మా దేవునికి మొక్కుకుంట. పన్నెండేండ్ల సంది ఇద్దరం గట్లనే వండుతున్నం. నన్ను ఎవ్వలు ఏమనలే. ఆమెనెందుకు అంటున్రు?"

తల్లిదండ్రుల మధ్య కూర్చున్న చిన్నమ్మ భర్త తల దించుకున్నాడు. ఆ తర్వాత ఆయన చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదని విన్నాను.

అమ్మ తప్పేమీ లేదని, పనిలోకి తీసుకోవాలని మూడు నెలలకు కాగితం వచ్చింది. అమ్మ మళ్లీ బడికి వెళ్లింది. కానీ మునుపటిలా లేదు. కొందరు పిల్లలు తిన్నారు, కొందరు డబ్బాలు మానలేదు. "అన్నం మిగులుతున్నది బిడ్డా" అని మాత్రం ఒకసారి ఫోన్లో అంది. మూత తీసేముందు కళ్లు మూసుకోవడం ఆమె మానలేదట. అయితే ఇప్పుడు ముందు ఒకసారి చుట్టూ చూసి, తర్వాత మూసుకునేదని చిన్నమ్మ చెప్పింది. అది విన్నప్పుడు నాకు కలిగిన దుఃఖం ఆమె పని పోయినప్పుడు కూడా కలగలేదు.

మరుసటి ఏడు నాకు రేగొండలోని ఒక బడిలో ఉద్యోగం దొరికింది. ఆ చలికాలంలోనే అమ్మ ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఏళ్ల తరబడి పీల్చిన పొగ అన్నారు డాక్టర్లు. మానుకోట దవాఖానలో ఆమె మంచం పక్కన కూర్చుని ఒక మధ్యాహ్నం ధైర్యం చేశాను.

"అమ్మా, గా అర్జీ నేను రాయాల్సింది."

ఆమె కళ్లు తెరిచి చూసింది. "నువ్వు రాస్తే అక్షరాలు మంచిగుంటుండె" అంది. అది క్షమించడమో, నొప్పి చెప్పుకోవడమో నాకు తెలియదు. నాలుగో రోజున పోయింది.

జ్ఞాపకార్థ కూడిక మా మందిరంలోనే జరిగింది. చిన్నమ్మ కూడా వచ్చి వెనుక చాప మీద కూర్చుంది. అయ్యగారు అమ్మ గురించి మాట్లాడుతూ, "ఎన్ని నిందలొచ్చినా ఈ తల్లి నోరు తెరువకుండ సహించింది" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు.

నేను లేచి నిలబడ్డాను.

"మా అమ్మ ఊకోలేదు అయ్యగారూ. ఒక్కతే పోయి అడిగింది. ఊకున్నది నేను."

అయ్యగారు చేతిలోని బైబిలు మూసి పక్కన పెట్టారు.

"నేను గూడ ఊకున్న బిడ్డా" అన్నారు.

ఈసారి ఎవరూ ఆమెన్ అనలేదు. వెనుక చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నది. నేను కూర్చున్నాను. నా మనసేమీ తేలిక కాలేదు. ఇలాగే ఆ రోజు ఐదో తరగతి గదిలో నాకు తెలిసింది చెప్పి ఉంటే, అమ్మ ఒకసారి నా వైపు చూసేది.